పవర్ బటన్‌కీ ప్లాన్ 9కీ మధ్య: ఒక చిన్న ఓఎస్‌కి బూట్ దారి ఎలా వేస్తారు?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, ఫోన్‌లో బూట్‌లోడర్ అన్‌లాక్ అంటారు కదా, అసలు ఆ బూట్‌లోడర్ లోపల ఏముంటుంది?" ఫోన్‌తోనే చెప్పొచ్చు గానీ, ఫోన్‌లో ఆ కోడ్ చాలావరకు మనకి కనపడదు. అందుకే ఈరోజు మొత్తం తెరిచి చూడగలిగే ఒక ఉదాహరణ తీసుకున్నాను. ఆ ఓఎస్ పేరు ప్లాన్ 9. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. కానీ మీరు ఇప్పుడు ఈ తెలుగు అక్షరాలు చదువుతున్నారంటే అందులో దాని చెయ్యి ఉంది. ఎలాగో చెప్తాను.

ప్లాన్ 9 అంటే ఏంటి?

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో బెల్ ల్యాబ్స్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. యూనిక్స్ పుట్టింది అక్కడే. యూనిక్స్ చేసిన కెన్ థాంప్సన్, ఆయనతో పాటు రాబ్ పైక్, డేవ్ ప్రెసోటో, హోవర్డ్ ట్రికీ లాంటివాళ్లు 1980ల చివర్లో కూర్చుని, "యూనిక్స్‌ని మళ్లీ మొదటినుంచి ఆలోచిస్తే ఎలా ఉంటుంది?" అనుకుని మొదలుపెట్టినదే ప్లాన్ 9. 1992లో యూనివర్సిటీలకి ఇచ్చారు. 2002లో నాలుగో ఎడిషన్ వచ్చింది. 2021లో దాని హక్కులు ప్లాన్ 9 ఫౌండేషన్‌కి వెళ్లాయి, ఎంఐటీ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చు. ఇప్పుడు ఎక్కువ పని జరుగుతున్నది 9ఫ్రంట్ అనే శాఖలో. అది 2011లో మొదలైంది.

దీని ప్రత్యేకత ఏంటంటే, ఇది డిస్ట్రిబ్యూటెడ్ ఓఎస్. అంటే ఒక్క కంప్యూటర్‌లో మొత్తం ఉండాలని లేదు. ఫైళ్లు ఒక మెషీన్‌లో, లెక్కలు చేసే ప్రాసెసర్ ఇంకో మెషీన్‌లో, పాస్‌వర్డ్ చూసే సర్వర్ మరో మెషీన్‌లో, మీ ముందు ఉన్న స్క్రీన్ వేరే మెషీన్‌లో. కానీ మీకు మాత్రం ఒకే కంప్యూటర్ లాగా కనిపిస్తుంది. వీటన్నిటినీ కలిపేది 9పీ అనే ఒక ప్రోటోకాల్. కీబోర్డ్, నెట్‌వర్క్, స్క్రీన్, ఏదైనా సరే ఫైల్ లాగే కనిపిస్తుంది. ఆ ఫైల్ మీ మెషీన్‌లో ఉందా, పక్క గదిలో ఉందా అన్నది ప్రోగ్రామ్‌కి అనవసరం.

ఇక తెలుగు అక్షరాల సంగతి. 1992 సెప్టెంబర్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 అనే పద్ధతి తయారు చేశారు. దాన్ని పూర్తిగా వాడిన మొదటి ఓఎస్ ప్లాన్ 9. ఇవాళ మీ వాట్సాప్‌లో "అ" అని కొడితే అది 3 బైట్లుగా వెళ్తుంది. ఆ 3 బైట్ల లెక్క వాళ్లిద్దరిదే. 9పీ కూడా ఎక్కడికీ పోలేదు. విండోస్‌లో లినక్స్ ఫైళ్లు తెరిచినప్పుడు, క్రోమ్‌బుక్‌లో లినక్స్ ఆన్ చేసినప్పుడు లోపల నడిచేది అదే.

అంటే ఆలోచనలు ప్రపంచమంతా పాకాయి, అసలు ఓఎస్ మాత్రం కొద్దిమంది చేతుల్లో మిగిలింది. వాళ్ల వెనక పెద్ద కంపెనీ లేదు. ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లెవరూ ప్లాన్ 9ని టెస్ట్ చేసి అమ్మరు. కాబట్టి కొత్త మెషీన్ మార్కెట్‌లోకి వచ్చిన ప్రతిసారీ వీళ్లకి మొదటి ప్రశ్న ఒకటే: ఇది అసలు బూట్ అవుతుందా? అవ్వకపోతే మిగతా ఓఎస్ ఎంత బాగున్నా లాభం లేదు.

పవర్ బటన్ నొక్కాక మొదటి క్షణం

మనం పవర్ నొక్కగానే ఓఎస్ స్టార్ట్ అవుతుందనుకుంటాం. కాదు. పీసీలో ప్రాసెసర్‌కి కరెంట్ రాగానే అది ఒకే ఒక్క అడ్రస్‌కి వెళ్తుంది. 4 జీబీ హద్దుకి సరిగ్గా 16 బైట్లు కింద ఉండే చోటు. అక్కడ మదర్‌బోర్డ్ మీద ఉన్న చిన్న ఫ్లాష్ చిప్ కనిపిస్తుంది. ఆ చిప్‌లో ఉన్న ప్రోగ్రామే ఫర్మ్‌వేర్.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ క్షణంలో ర్యామ్ పనిచెయ్యదు. మీరు 8 జీబీ, 16 జీబీ అని డబ్బులు పోసి కొన్న ర్యామ్ అప్పటికి నిద్రలోనే ఉంటుంది. దాని వేగం ఎంత, టైమింగ్ ఎంత అని కనుక్కుని, సరిచేసి లేపాలి. మరి ఆ లేపే ప్రోగ్రామ్ తన లెక్కలు ఎక్కడ రాసుకోవాలి? ప్రాసెసర్ లోపల ఉన్న క్యాష్‌నే తాత్కాలికంగా ర్యామ్ లాగా వాడుకుంటుంది. ర్యామ్ లేచాక క్యాష్‌ని మళ్లీ దాని పనికి వదిలేస్తుంది. ఆ తర్వాత పీసీఐ పరికరాలని వెతికి, వాటికి అడ్రస్‌లు పంచి, చివరికి "ఇక ఓఎస్ ఎవరు?" అని వెతుకుతుంది.

నేను దీన్ని ఇల్లు అద్దెకి ఇవ్వడంతో పోలుస్తాను. ఫర్మ్‌వేర్ ఇంటి ఓనర్. ఓఎస్ అద్దెకి వచ్చేవాడు. ఓనర్ ముందుగా కరెంటు, నీళ్లు చూసి, తలుపు తీసి, "ఈ గదులు నీవి, ఆ స్టోర్‌రూమ్ జోలికి మాత్రం వెళ్లొద్దు" అని చెప్పి తాళం చేతిలో పెట్టాలి. ఆ అప్పగింత సరిగ్గా జరగకపోతే అద్దెకి వచ్చినవాడు ఎంత మంచివాడైనా ఇబ్బందే.

బూట్ ఫర్మ్‌వేర్ సపోర్ట్ రాయడం అంటే ఈ అప్పగింతని రాయడమే. ఓనర్ భాష ఒకటి, అద్దెకి వచ్చినవాడి భాష ఇంకొకటి. మధ్యలో బూట్‌లోడర్ దుబాసీ.

పాత దారి: బయాస్

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన దారి ఇది. బయాస్ డిస్క్‌లో మొదటి సెక్టార్ చదువుతుంది. 512 బైట్లు. అందులో పార్టిషన్ టేబుల్‌కి 64, చివర గుర్తుకి 2 పోతే కోడ్‌కి మిగిలేది 446 బైట్లు. ఒక పొడుగాటి వాట్సాప్ మెసేజ్‌కి కూడా సరిపోదు. అంత చోటులో "తర్వాతి ముక్క ఎక్కడుందో వెతికి తీసుకురా" అనే కోడ్ రాయాలి. అది తెచ్చిన ముక్క ఇంకొంచెం పెద్దది తెస్తుంది. ఇలా మెట్టు మెట్టుగా వెళ్లి చివరికి ప్లాన్ 9 కెర్నెల్‌ని మెమరీలోకి తెస్తుంది.

9ఫ్రంట్‌లో ఈ లోడర్‌కి నాలుగైదు రూపాలున్నాయి. హార్డ్ డిస్క్‌కి ఒకటి, సీడీకి ఒకటి, నెట్‌వర్క్‌కి ఒకటి. అన్నీ చేసే పని ఒకటే. ప్లాన్9.ఐఎన్ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ చదువుతాయి. ఏ కెర్నెల్ కావాలి, రూట్ ఫైల్ సిస్టమ్ ఎక్కడుంది, మౌస్ ఏ రకం, ఇవన్నీ అందులో ఒక్కో లైన్‌గా ఉంటాయి. ఆ టెక్స్ట్‌ని తీసుకెళ్లి మెమరీలో ఒక స్థిరమైన చోట పెడతాయి, హెక్స్‌లో 1200 అనే అడ్రస్ దగ్గర. కెర్నెల్ లేచాక నేరుగా అక్కడికి వెళ్లి చదువుకుంటుంది. పెద్ద ప్రోటోకాల్ ఏమీ లేదు. గుమ్మం పక్కన గూట్లో చీటీ పెట్టి వెళ్లినట్టు అన్నమాట.

నాకు ప్లాన్ 9లో నచ్చేది ఈ పద్ధతే. కెర్నెల్ ఫైల్ ఫార్మాట్ కూడా అంతే సింపుల్. మొదట్లో 32 బైట్ల హెడర్, అందులో 8 అంకెలు. మొదటి అంకె 491 అయితే ఇది 32-బిట్ ఇంటెల్ ప్రోగ్రామ్ అని గుర్తు. తర్వాత కోడ్ ఎంత, డేటా ఎంత, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి. 64-బిట్ అయితే స్టార్టింగ్ అడ్రస్ పెద్దది కాబట్టి ఇంకో 8 బైట్లు. ఒక బిగినర్ సాయంత్రం కూర్చుంటే దీన్ని చదివే ప్రోగ్రామ్ రాయగలడు.

దారి మూసుకుపోయింది

అన్నీ బాగానే నడుస్తుండగా, 2017లో ఇంటెల్ ఒక మాట చెప్పింది: 2020 నాటికి తమ ప్లాట్‌ఫామ్‌లలో పాత బయాస్ సపోర్ట్ తీసేస్తాం, ఇక యూఈఎఫ్ఐ ఒక్కటే ఉంటుంది అని. విండోస్‌కి, లినక్స్‌కి దీనితో ఇబ్బంది లేదు, వాళ్లు ఎప్పుడో సర్దుకున్నారు. చిన్న ఓఎస్‌లకి మాత్రం ఇది బతుకు సమస్య. పాత ల్యాప్‌టాప్‌లు పాడైపోతూ ఉంటాయి, కొత్తవాటిలో తలుపే లేదు. కొత్త తలుపు రాసుకోకపోతే ఆ ఓఎస్ మ్యూజియంలోకి వెళ్తుంది.

9ఫ్రంట్ వాళ్లు ఆ తలుపు రాసుకున్నారు. యూఈఎఫ్ఐలో 512 బైట్ల ఇరుకు లేదు. ఫ్యాట్ పార్టిషన్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దానిలో బూట్ అనే ఫోల్డర్, దానిలో బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ అనే ఫైల్ పెడితే చాలు, ఫర్మ్‌వేర్ దాన్ని మామూలు ప్రోగ్రామ్ లాగా తెచ్చి నడుపుతుంది. వినడానికి ఈజీగా ఉంది కదా? రాయడానికి కూర్చుంటే నాలుగు చోట్ల ముళ్లు తగులుతాయి. ఒక్కోటి చూద్దాం.

మొదటి ముల్లు: ఫైల్ ఫార్మాట్

యూఈఎఫ్ఐకి కావలసిన ఫైల్ విండోస్ ఎక్స్ఈ ఫైల్ లాంటి ఫార్మాట్‌లో ఉండాలి. ప్లాన్ 9 కంపైలర్‌కి ఆ ఫార్మాట్ తెలియదు. వాళ్ల కంపైలర్ వాళ్లే రాసుకున్నారు, అది వాళ్ల ఫార్మాట్‌లోనే ఇస్తుంది. దీనికోసం వేరే పెద్ద కంపైలర్ తెచ్చుకోవచ్చు. కానీ అప్పుడు ప్లాన్ 9ని ప్లాన్ 9లోనే తయారుచేసుకునే స్వేచ్ఛ పోతుంది. అందుకే వాళ్లు ఆ విండోస్ హెడర్‌ని అసెంబ్లీ ఫైల్‌లో బైటు బైటుగా చేత్తో రాశారు. అసలు కోడ్ ముందు ఆ హెడర్ అతికిస్తారు. ఫర్మ్‌వేర్ చూసి "ఓ, ఇది నాకు తెలిసిన ఫైలే" అనుకుంటుంది.

రెండో ముల్లు: పిలిచే పద్ధతి

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు విలువలు ఎక్కడ పెట్టాలి అన్నదానికి ఒక ఒప్పందం ఉంటుంది. యూఈఎఫ్ఐ మైక్రోసాఫ్ట్ ఒప్పందం వాడుతుంది. మొదటి నాలుగు విలువలు సీఎక్స్, డీఎక్స్, ఆర్8, ఆర్9 అనే రిజిస్టర్లలో పెట్టాలి, స్టాక్ మీద ఇంకో 32 బైట్లు ఖాళీగా వదలాలి. ప్లాన్ 9 కంపైలర్ అలా చెయ్యదు. మొదటి విలువ మాత్రమే బీపీ అనే రిజిస్టర్‌లో పెట్టి, మిగతావన్నీ స్టాక్ మీద పెడుతుంది.

అంటే ప్లాన్ 9 కోడ్ నేరుగా ఫర్మ్‌వేర్‌ని పిలిస్తే, ఫర్మ్‌వేర్ ఖాళీ చేతుల్లోకి చూస్తుంది. అక్కడ ఏ చెత్త అంకె ఉంటే దాన్నే అడ్రస్ అనుకుని పని మొదలుపెడుతుంది. మెషీన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. దీనికి మందు ఒక చిన్న అసెంబ్లీ ఫంక్షన్. స్టాక్ మీద ఉన్నవి తీసి సరైన రిజిస్టర్లలో పెట్టి, స్టాక్‌ని 16 బైట్లకి సరిచేసి, అప్పుడు ఫర్మ్‌వేర్‌ని పిలుస్తుంది. మొత్తం లోడర్ ఈ కొద్ది లైన్ల మీదే నిలబడుతుంది.

ఇంకో సరదా విషయం. స్క్రీన్ మీద అక్షరాలు రాయమని అడగాలంటే యూఈఎఫ్ఐకి ప్రతి అక్షరం 16 బిట్లలో ఇవ్వాలి. యూటీఎఫ్-8 పుట్టింటి నుంచి వచ్చిన ఓఎస్, ఆ గుమ్మం దగ్గర మాత్రం యూటీఎఫ్-8 వదిలేసి మాట్లాడాలి!

మూడో ముల్లు: గదుల లిస్టు

కెర్నెల్‌కి ఏ మెమరీ వాడుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలియాలి. బయాస్ రోజుల్లో దీనికి ఈ820 అని ఒక లిస్టు ఉండేది. ప్లాన్ 9 కెర్నెల్ ఆ లిస్టుకే అలవాటు పడింది. యూఈఎఫ్ఐ ఇచ్చే లిస్టు వేరేలా ఉంటుంది, రకాలు ఎక్కువ. "ఇది బూట్ అయ్యేదాకా నేను వాడుకుంటా, తర్వాత నీదే", "ఇది ఎప్పటికీ నాదే" అని చాలా వివరంగా చెప్తుంది. లోడర్ దాన్ని పాత లిస్టు రూపంలోకి మార్చి, ఆ గూట్లో పెట్టే చీటీలోనే ఇంకో లైన్‌గా రాస్తుంది.

అలాగే ఏసీపీఐ టేబుళ్లు. ఎన్ని కోర్లు ఉన్నాయి, ఏ పరికరం అంతరాయం ఎటు వస్తుంది లాంటివి వాటిలో ఉంటాయి. బయాస్ ఉన్నప్పుడు కింద మెమరీలో ఒక నిర్ణీత ప్రాంతం అంతా వెతికితే ఆ టేబుల్ గుర్తు దొరికేది. యూఈఎఫ్ఐలో అక్కడ వెతికితే దొరుకుతుందన్న నమ్మకం లేదు, ఫర్మ్‌వేర్‌ని అడిగి తెలుసుకోవాలి. కాబట్టి లోడర్ ముందే అడిగి ఆ అడ్రస్ కూడా చీటీలో రాస్తుంది.

స్క్రీన్ సంగతీ అంతే. ఫర్మ్‌వేర్ ఉన్నంతసేపే రిజల్యూషన్ మార్చమని అడగగలం. అది వెళ్లిపోయాక మిగిలేది మెమరీలో ఒక ముక్క మాత్రమే. అందులో ఏది రాస్తే అది స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఆ ముక్క ఎక్కడుంది, వెడల్పెంత, ఎత్తెంత, రంగులు ఏ వరసలో ఉన్నాయి అన్నది ముందే రాసుకోవాలి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. స్క్రీన్ వెడల్పు, మెమరీలో ఒక వరస పొడవు ఎప్పుడూ ఒకటే కావు. కొన్ని మెషీన్లలో వరస చివర కొంచెం ఖాళీ వదులుతారు. ఆ తేడా పట్టించుకోకపోతే బొమ్మంతా ఏటవాలుగా జారిపోయి కనిపిస్తుంది. స్క్రీన్ అలా కనిపిస్తే గ్రాఫిక్స్ కార్డ్ పాడైందని భయపడక్కర్లేదు, ముందు ఈ అంకె చూడాలి.

నాలుగో ముల్లు: ఓనర్‌ని పంపించడం

అన్నీ రాసుకున్నాక లోడర్ ఫర్మ్‌వేర్‌కి చెప్పాలి, "ఇక నువ్వు వెళ్లొచ్చు" అని. ఆ కాల్ పేరు ఎగ్జిట్ బూట్ సర్వీసెస్. దీనికో రూలు ఉంది. మెమరీ లిస్టు తీసుకున్నప్పుడు ఫర్మ్‌వేర్ ఒక టోకెన్ నంబర్ ఇస్తుంది. వెళ్లమని చెప్పేటప్పుడు ఆ నంబర్ చూపించాలి. ఈలోగా మెమరీలో ఏ చిన్న మార్పు జరిగినా ఆ నంబర్ చెల్లదు. మళ్లీ లిస్టు తీసుకుని మళ్లీ అడగాలి. లిస్టుకీ వెళ్లమనడానికీ మధ్యలో స్క్రీన్ మీద ఒక్క లైన్ ప్రింట్ చేసినా, దానికోసం ఫర్మ్‌వేర్ మెమరీ తీసుకుని ఉండొచ్చు. ఏం జరుగుతోందో చూద్దామని ప్రింట్ పెడితే, ఆ ప్రింట్ వల్లే పని చెడే అవకాశం ఉంది. డీబగ్గింగ్‌లో ఇంతకంటే చిరాకు ఇంకోటి ఉండదు.

ఫర్మ్‌వేర్ వెళ్లాక చివరి అడుగు. 64-బిట్ యూఈఎఫ్ఐలో ప్రాసెసర్ అప్పటికే 64-బిట్ మోడ్‌లో ఉంటుంది. కానీ ప్లాన్ 9 64-బిట్ కెర్నెల్ తనని 32-బిట్ మోడ్‌లో పిలవాలని ఆశిస్తుంది, ఎందుకంటే పాత లోడర్లు అలాగే పిలిచేవి. కాబట్టి లోడర్ పై మోడ్ నుంచి కిందికి దిగి కెర్నెల్‌లోకి దూకుతుంది, కెర్నెల్ మళ్లీ పైకి ఎక్కుతుంది. అనవసరంగా మెట్లు దిగి ఎక్కినట్టు ఉంటుంది గానీ దీనివల్ల లాభం ఉంది. బయాస్‌నుంచి వచ్చినా, యూఈఎఫ్ఐనుంచి వచ్చినా కెర్నెల్‌కి ఒకే గుమ్మం. మెషీన్‌కో కెర్నెల్ చేసుకోవాల్సిన పని లేదు. నలుగురైదుగురు నడిపే ప్రాజెక్టులో ఈ పొదుపే ప్రాణం.

ఫర్మ్‌వేర్‌నే మార్చేస్తే?

ఇప్పటిదాకా ఓనర్ చెప్పినట్టు విన్నాం. ఓనర్‌నే మార్చేస్తే ఎలా ఉంటుంది? ఆ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు రాన్ మినిచ్. 1999లో ఆయన అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ ల్యాబ్‌లో ఉన్నారు. అక్కడ వందల మెషీన్లు కలిపి క్లస్టర్లు నడిపేవాళ్లు. మామూలు పీసీ బయాస్ ఏం చేస్తుంది? కీబోర్డ్ లేకపోతే "కీబోర్డ్ లేదు, ఎఫ్1 నొక్కండి" అని ఆగిపోతుంది. వందల మెషీన్లకి కీబోర్డ్ పట్టుకుని ఎవరు తిరుగుతారు? అందుకే లినక్స్‌బయాస్ మొదలుపెట్టారు. 2008లో దాని పేరు కోర్‌బూట్‌గా మారింది. ఇవాళ క్రోమ్‌బుక్‌లన్నిటిలో ఉండేది దాని సంతానమే. ఇంకో విశేషం, ఇదే రాన్ మినిచ్ ప్లాన్ 9 మనిషి కూడా. లినక్స్‌లో 9పీ సపోర్ట్ మొదలుపెట్టింది ఆయనే. ప్లాన్ 9ని బ్లూ జీన్ సూపర్ కంప్యూటర్ మీద నడిపిన బృందంలోనూ ఉన్నారు. రెండు ఆసక్తులు ఒకే మనిషిలో కలవడం యాదృచ్ఛికం కాదు. మెషీన్లన్నీ కలిసి ఒక్కటిగా పనిచెయ్యాలంటే, ప్రతి మెషీన్ ఎవరి చెయ్యీ తగలకుండా తనంతట తాను లేవాలి కదా.

కోర్‌బూట్ హార్డ్‌వేర్‌ని లేపడం వరకే చేస్తుంది. తర్వాత ఏం నడపాలో దాన్ని పేలోడ్ అంటారు. అది మన ఇష్టం. ప్లాన్ 9కి ఇక్కడ మూడు దారులున్నాయి.

ఒకటి, సీబయాస్ అనే పేలోడ్. అది పాత బయాస్ లాగా నటిస్తుంది. ప్లాన్ 9 పాత లోడర్ ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది.

రెండు, గ్రబ్ పేలోడ్. ప్లాన్ 9 కెర్నెల్‌లో మల్టీబూట్ హెడర్ ఉంది, కాబట్టి గ్రబ్ దాన్ని నేరుగా ఎత్తగలదు. ప్లాన్9.ఐఎన్ఐని పక్కన మాడ్యూల్‌గా ఇస్తే కెర్నెల్ చదువుకుంటుంది. మధ్యలో ప్లాన్ 9 సొంత లోడర్ అవసరమే లేదు.

మూడు, మనమే పేలోడ్ రాయడం. కోర్‌బూట్ తన మెమరీ లిస్టు, స్క్రీన్ వివరాలు అన్నీ ఒక టేబుల్‌లో పెడుతుంది. ఎల్‌బీఐఓ అనే నాలుగు అక్షరాల గుర్తుతో అది మెమరీలో దొరుకుతుంది. దాన్ని చదివి ప్లాన్ 9 చీటీగా మార్చి కెర్నెల్‌లోకి దూకితే చాలు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి నేను ఈ మూడోదే సిఫార్సు చేస్తాను. యూఈఎఫ్ఐ లాగా వందల పేజీలు చదవక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటెడ్ ఓఎస్‌కి ఇక్కడ ఒక అదనపు అందం ఉంది. ప్లాన్ 9 టెర్మినల్‌కి హార్డ్ డిస్క్ అక్కర్లేదు. కెర్నెల్ లేచి, నెట్‌వర్క్ కార్డ్ పనిచేస్తే చాలు, మిగతా మొత్తం 9పీ ద్వారా ఫైల్ సర్వర్ నుంచి వస్తుంది. నెట్‌వర్క్ బూట్‌లో లోడర్ ముందు డీహెచ్‌సీపీతో ఐపీ తీసుకుంటుంది. తర్వాత తన నెట్‌వర్క్ కార్డ్ మ్యాక్ అడ్రస్ పేరుతో సర్వర్‌లో ఉన్న సెట్టింగ్స్ ఫైల్ అడుగుతుంది, ఆ తర్వాత కెర్నెల్ తెచ్చుకుంటుంది. ల్యాబ్‌లో 30 మెషీన్లు ఉంటే సర్వర్‌లో 30 చిన్న ఫైళ్లు, అంతే. ఒక మెషీన్ కాలిపోతే ఇంకోటి పెట్టి, లాగిన్ అయితే మీ ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. మన కాలేజీ ల్యాబుల్లో ఒక్కో పీసీకి విడివిడిగా ఇన్‌స్టాల్ చేస్తూ తిరిగే ల్యాబ్ అసిస్టెంట్లని అడగండి, దీని విలువేంటో వాళ్లు చెప్తారు.

తాళం ఎవరి దగ్గర ఉంది?

ఇక అసలు విషయానికి వద్దాం. ఇది ఫోన్ వాడేవాళ్లందరికీ సంబంధించింది.

సెక్యూర్ బూట్ అని వింటుంటారు. సంతకం ఉన్న లోడర్‌నే ఫర్మ్‌వేర్ నడుపుతుంది. మామూలు పీసీల్లో ముందే ఉండే తాళాలు మైక్రోసాఫ్ట్‌వి. ప్లాన్ 9 లోడర్‌కి ఆ సంతకం లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేస్తేనే నడుస్తుంది. పీసీల్లో చాలావాటికి ఆ స్విచ్ ఇంకా ఉంది. దానికంటే కింద ఇంటెల్ బూట్ గార్డ్ అని ఇంకోటి ఉంది. దాన్ని ఆన్ చేసి అమ్మిన మెషీన్‌లో తయారీదారు తాళం గుర్తు చిప్‌లోనే శాశ్వతంగా కాల్చేస్తారు. అక్కడ ఫర్మ్‌వేర్ మార్చే అవకాశమే లేదు, స్విచ్ కూడా లేదు. కోర్‌బూట్ వాళ్లు థింక్‌ప్యాడ్ ఎక్స్230 లాంటి పాత ల్యాప్‌టాప్‌లని అంతగా వెతుక్కోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇది మంచా చెడా? రెండు వైపులా చూడాలి. మీ ఫోన్ ఎవడో దొంగిలించి, దాన్లో వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించి మీ బ్యాంకు యాప్‌లోకి దూరకూడదంటే ఇలాంటి తాళం కావాలి. తాళం ఉండడం తప్పు కాదు. తాళం చెవి కొన్నవాడికి కూడా ఇవ్వాలా వద్దా అన్నదే ప్రశ్న. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజు, హార్డ్‌వేర్ నిక్షేపంలా ఉన్నా ఆ పరికరం పాతబడిపోతుంది. చెవి మీ దగ్గర ఉంటే దానికి ఇంకో పదేళ్ల జీవితం ఇవ్వొచ్చు. చెవి లేకపోతే డ్రాయర్‌లో పడేయాలి. ప్లాన్ 9 లాంటి చిన్న ఓఎస్ బూట్ అవుతుందా లేదా అన్నది నాకు ఒక పరీక్ష లాంటిది. ఏ కంపెనీ అండా లేని ఓఎస్ ఒక మెషీన్‌లో లేచిందంటే, ఆ మెషీన్ నిజంగా కొన్నవాడిదే అని అర్థం.

మీరు ట్రై చెయ్యాలంటే

ముందు క్యూఈఎంయూతో మొదలుపెట్టండి. అది కంప్యూటర్ లోపల కంప్యూటర్. దానికి ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ దొరుకుతుంది. 9ఫ్రంట్ ఇమేజ్ ఇచ్చి బూట్ చేసి చూడండి. ఎన్నిసార్లు పగిలినా నష్టం లేదు.

తర్వాత రాస్ప్‌బెరీ పై. దీని బూట్ మరీ విచిత్రం. ముందు లేచేది మెయిన్ ప్రాసెసర్ కాదు, గ్రాఫిక్స్ చిప్! అదే మెమరీ కార్డ్ చదివి కెర్నెల్‌ని తెచ్చి, అప్పుడు ఆర్మ్ ప్రాసెసర్‌ని లేపుతుంది. రిచర్డ్ మిల్లర్ ప్లాన్ 9ని దీనిమీదికి తెచ్చారు. ప్లాన్9.ఐఎన్ఐలో ఉండే లైన్లు ఇక్కడ సీఎండీలైన్.టీఎక్స్‌టీ ఫైల్‌లో ఉంటాయి. నచ్చకపోతే మెమరీ కార్డ్ మార్చేస్తే సరి.

అసలు ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ మార్చడం మాత్రం ఆఖర్న. అది కూడా పాతది, పోయినా పర్లేదు అనుకున్నదాని మీదే. ముందు బయటి ప్రోగ్రామర్‌తో ఫ్లాష్ చిప్ మొత్తం చదివి దాచుకోండి. రెండుసార్లు చదవండి, రెండు కాపీలూ బైటు తేడా లేకుండా ఒకటేనా అని పోల్చండి. ఒకటి కాకపోతే క్లిప్ సరిగ్గా పట్టలేదని అర్థం, అప్పుడు రాయడం మొదలుపెట్టొద్దు. చిప్ మీద ఎన్ని వోల్టులో చూడండి. 3.3 వోల్టుల చిప్‌కి 5 వోల్టులు ఇస్తే దాచుకున్న కాపీ కూడా మిమ్మల్ని కాపాడదు. సీరియల్ కేబుల్ పెట్టుకోగలిగితే పెట్టుకోండి. స్క్రీన్ రాకముందే మెషీన్ ఆగిపోతే, లోపల ఏం జరిగిందో చెప్పేది ఆ ఒక్క వైరే.

చదవాలనుకునేవాళ్లు 9ఫ్రంట్ సోర్స్‌లో బూట్ ఫోల్డర్ తెరవండి. దాని కింద ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటుంది. నేను ఇందాక చెప్పిన చేత్తో రాసిన హెడర్, పిలిచే పద్ధతి మార్చే అసెంబ్లీ, మెమరీ లిస్టు మార్చే కోడ్, అన్నీ అక్కడే ఉన్నాయి. చిన్న చిన్న ఫైళ్లు. ఒక ఆదివారం పెట్టుకుంటే మొత్తం చదివేయొచ్చు. మీ ఫోన్‌లో పవర్ బటన్ నొక్కినప్పుడు లోగో కనపడేలోపు జరిగే పనికి ఇది చిన్నన్న లాంటిది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆండ్రాయిడ్ వైపు వెళ్దాం. ఫాస్ట్‌బూట్ మోడ్‌లో కేబుల్ పెట్టి కమాండ్ ఇచ్చినప్పుడు అటువైపు వినేది ఎవరు, అన్‌లాక్ చేస్తే డేటా మొత్తం ఎందుకు చెరిపేస్తారు, ఈ రెండూ చూద్దాం. ఈలోపు క్యూఈఎంయూలో ప్లాన్ 9 లేపి, దాని కుందేలు గ్లెండాని స్క్రీన్ మీద చూసినవాళ్లు నాకు చెప్పండి. ఉంటాను మరి.